వేడెక్కితే ఆగిపోయే మా అంబాసిడర్: నా అనుభవం

ఉయ్యూరు సెంటర్‌లో మా అంబాసిడర్ మూడోసారి ఆగిపోయిన రోజు నాన్న ఒక్క మాట కూడా అనలేదు. ముందు సీట్లో కూర్చుని, అద్దం మొత్తం దించుకుని, కండువాతో మెడ తుడుచుకుంటూ ఉండిపోయారు. వెనకాల బస్సు హారన్ మీద హారన్ కొడుతోంది. నేనూ, కొబ్బరిబోండాలమ్మే అతనూ, ఇంకో ఇద్దరు కుర్రాళ్ళూ కలిసి బండిని రోడ్డు వారకు తోశాం. 2023 మే నెల, మధ్యాహ్నం పన్నెండున్నర. పాతిక నిమిషాలు ఆగి సెల్ఫ్ కొడితే అసలేమీ జరగనట్టు స్టార్టయింది. బందరు వెళ్ళాల్సిన వాళ్ళం, అక్కణ్ణుంచే విజయవాడకి తిరిగొచ్చేశాం. ఇంటికొచ్చాక నాన్న తాళాలు మేకుకి తగిలించి, "ఇక దూరాలకి వద్దులేరా, ఊళ్ళో తిప్పుకుందాం" అన్నారు. ఆయన అంత తేలిగ్గా ఆ మాట అనడం నాకు చాలా కష్టమనిపించింది. బందరు ఆయన పుట్టిన ఊరు. ఆ బండిలో తప్ప ఇంకో దాంట్లో అక్కడికి వెళ్ళడం ఆయనకి ఇష్టం ఉండదు.

మాది 1984 మోడల్ మార్క్ 4, పెట్రోలు బండి. నాన్న 1991లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. అక్క పెళ్ళి షాపింగ్ దగ్గర్నుంచి తాతయ్య అస్థికలు కృష్ణలో కలపడం దాకా అన్నీ దాంట్లోనే జరిగాయి. కొన్న రోజు నుంచి ఆయన ఒక డైరీ రాస్తున్నారు. ఎన్ని లీటర్లు పోయించారు, ఎప్పుడు ఆయిల్ మార్చారు, ఏ సామాను ఎంతకి కొన్నారు, అన్నీ తేదీతో సహా ఉంటాయి. ఆ డైరీ సంగతి తర్వాత చెబుతాను.

అంబాసిడర్ తయారీ 1957లో హుగ్లీ జిల్లా ఉత్తరపారాలో మొదలై 2014 మే నెలలో ఆగిపోయింది. మా బండిలో ఉన్నది బ్రిటిష్ వాళ్ళ బీఎంసీ బి-సిరీస్ ఇంజన్, 1489 సీసీ. ఇంగ్లండులో ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారులో పెట్టింది కూడా ఈ కుటుంబం ఇంజనే. ఈ ఇంజన్‌లో గాలీ పెట్రోలూ లోపలికి వెళ్ళే మానిఫోల్డు, పొగ బయటికి వచ్చే మానిఫోల్డు రెండూ ఒకే పక్కన ఉంటాయి. ఎర్రగా కాలే ఎగ్జాస్ట్‌కి కాస్త పైనే, గాలీ పెట్రోలూ కలిపే కార్బొరేటర్ కూర్చుంటుంది. అందుకే ఎండలో అంబాసిడర్ ఆగిందంటే ఎవరైనా సరే ముందు పెట్రోలు వైపే వేలు చూపిస్తారు.

నాకూ అదే చెప్పారు. "గ్యాస్ లాక్ అయిందండీ" అన్నారు అందరూ. అంటే పైపులోనో పంపులోనో పెట్రోలు వేడికి ఆవిరై బుడగలు కట్టిందని, పంపు ఆ ఆవిరిని తొయ్యలేక కార్బొరేటర్‌కి పెట్రోలు అందదని. ఇందులో అబద్ధం లేదు. పెట్రోలులో తేలికపాటి భాగాలు 40 డిగ్రీల లోపే ఆవిరవడం మొదలెడతాయి. ఇథనాల్ కలిస్తే ఆ గుణం ఇంకాస్త పెరుగుతుంది. అప్పటికే బంకుల్లో 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు వస్తోంది, ఇప్పుడది 20 శాతం. పాత డ్రైవర్లు పెట్రోలు పంపు మీద తడి గుడ్డ కప్పేవారు, నాన్న కూడా డిక్కీలో ఒక పాత తుండు, నీళ్ళ సీసా పెట్టుకునేవారు. మేం ఆగిన మూడుసార్లూ అదే చేశాం. గుడ్డ తడిపి పంపు మీద వేశాం, కార్బొరేటర్ చుట్టూ చుట్టాం, 20–25 నిమిషాలకి బండి స్టార్టయింది. దాంతో గ్యాస్ లాకే అని నాకూ నమ్మకం కుదిరింది.

ఆ నమ్మకం మీద నెలన్నర పోయింది. పంపు కిట్ మార్చాం. కార్బొరేటర్ విప్పి జెట్లు కడిగించాం. ట్యాంకు మూతలో గాలి రంధ్రం పూడుకుపోతే లోపల గాలి తక్కువై పెట్రోలు రాదని ఎవరో చెబితే మూత తీసి చూశాం, బాగానే ఉంది. రేడియేటర్ కడిగించాం, థర్మోస్టాట్ చూపించాం. రబ్బరు గొట్టాలు మాత్రం నిజంగానే మార్చాల్సినవే, వంచితే సన్నటి పగుళ్ళు కనిపించాయి. మొత్తం 7,800 రూపాయలు అయింది. ఆ తర్వాతే ఉయ్యూరులో మూడోసారి ఆగింది.

విజయవాడ ఆటోనగర్‌లో అంబాసిడర్లూ ఫియట్లూ చూసే ఒక పెద్దాయన ఉన్నారు. డెబ్బై దాటి ఉంటాయి. బండి తీసుకెళ్ళి చూపిస్తే గంటసేపు నడిపి చూశారు, ఒక్కసారి కూడా ఆగలేదు. మర్నాడు పొద్దున మళ్ళీ తీసుకెళ్ళాను, మళ్ళీ ఆగలేదు. అప్పుడాయన చెయ్యి తుడుచుకుంటూ అన్న మాటతోనే నా దారి మారింది.

"బాబూ, నా దగ్గరికొచ్చేసరికి బండి బాగానే ఉంటోంది. జ్వరం తగ్గాక వస్తే డాక్టరు మాత్రం ఏం చూస్తాడు? ఆగినప్పుడు, ఆగిన చోట, ఆ అయిదు నిమిషాల్లోనే చూడాలి. కరెంటు లేదా, పెట్రోలు లేదా, అది ముందు తేల్చు. తర్వాత నా దగ్గరికి రా."

నిజమే కదా. బండి ఆగిన ప్రతిసారీ నేను చేసింది బానెట్ ఎత్తడం, గుడ్డ తడపడం, ఎదురుచూడడం. ఆ పాతిక నిమిషాల్లో తప్పు ఏదైతే ఉందో అది చల్లారి మాయమైపోతోంది. ఆ సమయాన్నే నేను వాడుకోలేదు.

రోడ్డు మీద టెన్షన్‌లో ఇవన్నీ చూడడం కుదరదు. అందుకని ఇంటి ముందే ఆగేలా చేద్దామనుకున్నాను. రోహిణి కార్తె ఎండ, రోళ్ళు పగిలే ఎండ అంటారే అదే. మధ్యాహ్నం ఒంటిగంటకి బండిని వీధిలో ఎండలో పెట్టి, స్టార్ట్ చేసి, ఐడిలింగ్‌లో వదిలేశాను. ఒక కాగితం మీద టైము రాసుకున్నాను. పక్కన ఒక మల్టీమీటరు, రెండు స్పానర్లు, రబ్బరు పిడి ఉన్న ప్లయర్స్, కొత్త ప్లగ్గు ఒకటి పెట్టుకున్నాను. మా అబ్బాయి ఇంటర్ సెలవుల్లో ఉన్నాడు, వాణ్ణి స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టాను.

అలా ఆగేలా చేసే ముందే, అంటే ఇంజన్ బాగున్నప్పుడే ఒకసారి కరెంటు ఎలా ఉందో చూసుకున్నాను. బాగున్నప్పుడు ఎలా ఉంటుందో తెలియకపోతే బాగోనప్పుడు ఏం తేడా వచ్చిందో తెలియదు. కాయిల్ అంటే బ్యాటరీ కరెంటు బలాన్ని పెంచే డబ్బా, డిస్ట్రిబ్యూటర్ అంటే దాన్ని ప్లగ్గులకి పంచేది. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్ నడినెత్తికి వచ్చే లావు వైరుని డిస్ట్రిబ్యూటర్ వైపు ఊడదీసి, ప్లయర్స్‌తో పట్టుకుని, ఇంజన్ బాడీకి ఓ ఆరు మిల్లీమీటర్ల దూరంలో పెట్టి సెల్ఫ్ కొట్టమన్నాను. నిప్పురవ్వ నీలంగా, లావుగా, టప్ టప్ మని చప్పుడు చేస్తూ దూకింది. ఇలా చూసేవాళ్ళకి ఒక మాట: కార్బొరేటర్ మూత తెరిచి ఉన్నప్పుడు, పెట్రోలు వాసన వస్తున్నప్పుడు ఈ పని చెయ్యకండి. నిప్పురవ్వ చాలు.

34వ నిమిషంలో ఇంజన్ ఒకసారి తడబడింది. ఇంకో అర నిమిషానికి ఆగిపోయింది. దగ్గడం, నసగడం ఏమీ లేదు, స్విచ్ కట్టేసినట్టు ఆగింది. అప్పుడు నాకు తట్టలేదు గానీ అదే మొదటి గుర్తు. పెట్రోలు అందక ఆగే బండి సాధారణంగా కాసేపు గునుస్తుంది, యాక్సిలరేటర్ తొక్కితే చచ్చిపోతుంది, వదిలితే కాస్త తేరుకుంటుంది. ఇది అలా చెయ్యలేదు.

వెంటనే ఎయిర్ క్లీనర్ తీసి కార్బొరేటర్ గొంతులోకి టార్చి వేసి, థ్రాటిల్ లివర్ని చేత్తో ఒకసారి లాగాను. సన్నటి దారంలా పెట్రోలు చిమ్మింది. మళ్ళీ లాగితే మళ్ళీ చిమ్మింది. అంటే కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు ఉంది. గిన్నెలో పెట్రోలు ఉండగా గ్యాస్ లాక్‌తో ఇంజన్ ఆగదు. నెలన్నర నమ్మకం ఆ రెండు చిమ్ములతో పోయింది.

ఎయిర్ క్లీనర్ మళ్ళీ బిగించి, రెండు నిమిషాలు వాసన పోనిచ్చి, లావు వైరు ఊడదీసి పట్టుకున్నాను. సెల్ఫ్ కొట్టాడు. ఆరు మిల్లీమీటర్ల దూరంలో ఏమీ లేదు. ఇంకా దగ్గరికి జరిపాను. రెండు మిల్లీమీటర్ల దగ్గర పసుపుపచ్చగా, వెంట్రుక లాంటి సన్నటి గీత ఒకటి కనిపించి పోయింది. చప్పుడు కూడా లేదు. నేను వెతకాల్సింది పెట్రోలు కాదు, కరెంటు.

మరి తడి గుడ్డ ఎలా పనిచేసింది? ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. మర్నాడు మళ్ళీ అలాగే ఆగేదాకా నడిపాను, ఈసారి 31 నిమిషాలు. గుడ్డ వెయ్యలేదు, నీళ్ళు చల్లలేదు, బానెట్ మాత్రం ఎత్తి వదిలేశాను. 22 నిమిషాలకి స్టార్టయింది. గుడ్డ వేసినప్పుడూ అంతే పట్టేది. అంటే బండిని బాగుచేసింది నీళ్ళు కాదు, ఆగిన ఆ సమయం. అన్నేళ్ళు నమ్మకంగా తుండు మోసుకెళ్ళిన నాన్నకి ఇది చెబితే కాసేపు ఆలోచించి, "అవున్రా, నీడన ఆపినప్పుడు గుడ్డ వెయ్యకపోయినా స్టార్టయ్యేది" అన్నారు.

కరెంటు అని తేలాక ముందు అనుమానం కండెన్సర్ మీదకి పోయింది. డిస్ట్రిబ్యూటర్ లోపల పాయింట్ల పక్కన ఉండే చిన్న డబ్బా అది. పాయింట్లంటే కాయిల్ కరెంటుని కలుపుతూ తెంపుతూ ఉండే చిన్న స్విచ్. పాయింట్లు తెరుచుకునే క్షణంలో అక్కడ నిప్పు రాకుండా ఆ విద్యుత్తుని తను తీసుకుంటుంది. అది పాడైతే పాయింట్లు కాలిపోతాయి, కరెంటు బలం పోతుంది. వేడికి పాడై చల్లారితే బాగుపడే కండెన్సర్లు మామూలే. మూత తీసి చూస్తే పాయింట్ల మొహాలు నల్లగా, ఒక వైపు గుంట, రెండో వైపు బొడిపె. అయిదు నెలల క్రితం వేసిన పాయింట్లు అంతలా కాలకూడదు. కొత్త పాయింట్లు, కొత్త కండెన్సర్ వేశాను. గ్యాప్ 0.38 మిల్లీమీటర్లకి పెట్టాను. ఈ ఇంజన్‌కి 0.35 నుంచి 0.40 మధ్య ఉండాలి. బండి ఎంత మెత్తగా నడిచిందంటే పని అయిపోయిందనే అనుకున్నాను. 41వ నిమిషంలో మళ్ళీ అలాగే టక్కున ఆగింది.

ఆ సాయంత్రం నేను కొంచెం డీలా పడ్డాను. కండెన్సరే కొత్తగా వచ్చిందే బాగోలేదేమో, ఇంకోటి తెచ్చి చూద్దామా అనుకుంటూ, ఆగిన బండిలో ఒక్కో భాగాన్నీ వేళ్ళతో తడుముతూ పోయాను. డిస్ట్రిబ్యూటర్ బాడీ వేడిగా ఉంది గానీ చెయ్యి పెట్టొచ్చు. పంపు కూడా అంతే. కాయిల్ మీద చెయ్యి పెట్టగానే చురుక్కుమని వెనక్కి తీసేశాను. కాయిల్ ఇంజన్‌కి అంత దగ్గరగా లేదు. అది అంత వేడెక్కిందంటే ఇంజన్ వేడి కాదు, దాని లోపల్నుంచే పుడుతోంది. మా పక్కింటి ఏసీ మెకానిక్ దగ్గర గురిపెట్టి చూసే థర్మామీటరు ఉంటే అడిగి తెచ్చి పెట్టాను. 104 డిగ్రీలు చూపించింది. కాయిల్ మూతకీ డబ్బాకీ మధ్య అతుకు దగ్గర నూనె తడి కూడా కనిపించింది. లోపల చల్లబరచడానికి పోసే నూనె అది, బయటికి ఊరుతోంది.

పూర్తిగా చల్లారాక రెండు సన్న వైర్లూ ఊడదీసి, ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య మల్టీమీటరు పెట్టాను. నిరోధం 1.9 ఓములు. మీటరు ముల్లులు రెండూ ఒకదానికొకటి తాకిస్తే 0.3 చూపిస్తోంది, ఇంత చిన్న కొలతల్లో దాన్ని తీసెయ్యాలి. కాబట్టి అసలు విలువ 1.6. మాన్యువల్ తీసి చూస్తే ఈ తరహా బండికి సుమారు 3 ఓముల కాయిల్ ఉండాలి.

ఇక్కడ హైస్కూల్లో చదివిన ఓమ్ సూత్రమే చాలు. 12 ఓల్టులని 3తో భాగిస్తే 4 ఆంపియర్లు. మా దాంట్లో ఉన్నది 1.5 ఓముల రకం అనుకుని (కొలతలో 1.6 వచ్చింది) భాగిస్తే 8. పాయింట్లు మూసి ఉన్నంతసేపూ కాయిల్ గుండా రెట్టింపు కరెంటు పోతోంది, దాంట్లో పుట్టే వేడి కూడా రెట్టింపు, 48 వాట్లు ఉండాల్సింది 96. అదే కరెంటు పాయింట్ల గుండా కూడా పోతుంది కాబట్టి అవి అయిదు నెలలకే కాలిపోయాయి.

1.5 ఓముల కాయిల్ తప్పు సరుకేమీ కాదు. కొన్ని కార్లలో కాయిల్‌కి ముందు బ్యాలస్ట్ రెసిస్టర్ అనే ఇంకో నిరోధం పెడతారు. సెల్ఫ్ కొట్టేటప్పుడు మాత్రం దాన్ని తప్పించి నేరుగా బ్యాటరీ కరెంటు ఇస్తారు, బండి తేలిగ్గా స్టార్టవుతుందని. స్టార్టయ్యాక రెసిస్టర్ ద్వారానే వెళ్తుంది. మా బండిలో ఆ రెసిస్టర్ లేదు, అలాంటి వైరింగూ లేదు. వేరే రకం బండికి చెయ్యాల్సిన కాయిల్ మా దాంట్లో వచ్చి కూర్చుంది. బిగించే పట్టీ ఊడదీసి తిప్పి చూశాను. పట్టీ కింద దాగిపోయిన చోట, చిన్న అక్షరాల్లో, బ్యాలస్ట్ రెసిస్టర్‌తో మాత్రమే వాడాలని ఇంగ్లీషులో రాసి ఉంది.

మరి ఇది ఎప్పుడు వచ్చింది? అప్పుడు డైరీ తీశాను. నాన్న చేతిరాత చిన్నగా, నిటారుగా ఉంటుంది. 2022 డిసెంబరు పేజీలో, అత్తయ్య మనవడి పెళ్ళికి వెళ్ళే ముందు చేయించిన ట్యూనింగ్ లెక్క ఉంది. ప్లగ్గులు నాలుగు, పాయింట్లు, రోటర్, హైటెన్షన్ వైర్లు, కాయిల్ కొత్తది. దాని పక్కనే, "కొంచెం మిస్సింగ్. అన్నీ మార్చారు." అప్పుడు చలికాలం. ఆ తర్వాత మూడు నెలలు బండి తిరిగింది తక్కువ, తిరిగినా పొద్దునో సాయంత్రమో. ఏప్రిల్ 9వ తేదీ దగ్గర మొదటిసారి: "బెంజి సర్కిల్‌లో ఆగింది. ఎండ." డిసెంబరులో ఉన్న మిస్సింగ్, అంటే ఇంజన్ మధ్యమధ్యలో తడబడడం, బహుశా పాత వైర్ల వల్లే వచ్చి ఉంటుంది. వాటితో పాటు బాగున్న కాయిల్ కూడా పోయింది. కొత్త కాయిల్ వేసినాయన కావాలని చేసిన పని కాదది. చూడ్డానికి రెండూ ఒకేలాంటి డబ్బాలు, బిగించే కొలతా ఒకటే, బండి స్టార్టయి చక్కగానే నడుస్తుంది. నేను ఏప్రిల్‌లోనే డైరీ తిరగేసి, చివరిగా మారింది ఏమిటని చూసి ఉంటే మే అంతా మిగిలేది.

"పాత కాయిల్ ఏం చేశారు నాన్నా?" అని అడిగాను.

"పారేస్తానా? అటక మీద బిస్కెట్ డబ్బాలో ఉంటుంది చూడు" అన్నారు.

ఉంది. న్యూస్‌పేపర్లో చుట్టి, పైన దారం కట్టి, "కాయిల్ – బండితో వచ్చింది" అని రాసి మరీ పెట్టారు. మీటరు పెట్టాను. కొలతలో 0.3 తీసేస్తే 3.2 ఓములు. నాకు చేతులు వణికినంత పనైంది.

అయినా వెంటనే మార్చెయ్యలేదు. అలా మారిస్తే బండి ఆగకపోవచ్చు గానీ దానివల్లే ఆగలేదని నాకు గట్టిగా తెలియదు. కొత్త కాయిల్‌నే ఉంచి మళ్ళీ ఎండలో ఆగేదాకా నడిపాను, 33 నిమిషాలు. ఆగిన మరుక్షణం ఇగ్నిషన్ కట్టేసి, పాత కాయిల్‌ని పక్కన వైరుతో కట్టి, రెండు సన్న వైర్లు, ఒక లావు వైరు దానికి మార్చాను. అంతా కలిపి మూడు నిమిషాలు పట్టలేదు. ఇంజన్ ఇంకా సలసల కాగుతోంది, కార్బొరేటర్ అంతే వేడి, పంపు అంతే వేడి. మా వాడు సెల్ఫ్ కొట్టాడు. మొదటి తిప్పుకే అందుకుంది. వాడు లోపల్నుంచి "డాడీ!" అని అరిచిన అరుపు వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. గంటా పది నిమిషాలు ఆ ఎండలోనే ఐడిలింగ్‌లో వదిలాను, ఆగలేదు. పాత కాయిల్ వేడి 68 డిగ్రీల దగ్గర నిలబడిపోయింది.

హైవే మీద పోతున్నంతసేపూ ఆగకుండా, ఎప్పుడూ బెంజి సర్కిల్, పోరంకి, ఉయ్యూరు సెంటర్ లాంటి రద్దీ చోట్లే ఎందుకు ఆగిందో కూడా అప్పుడే అర్థమైంది. స్పీడులో పాయింట్లు గబగబా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. ఒక్కోసారి మూసుకునే సమయం మరీ తక్కువ, కాయిల్‌లోకి కరెంటు పూర్తిగా నిండే లోపే మళ్ళీ తెరుచుకుంటాయి. నెమ్మదిగా తిరిగేటప్పుడు ప్రతిసారీ నిండుగా, చాలాసేపు కరెంటు పోతుంది. పైగా నిలబడిన బండికి గాలి ఉండదు. అంటే ట్రాఫిక్‌లోనే కాయిల్ ఎక్కువ కాలుతుంది. గ్యాస్ లాక్ కూడా సరిగ్గా ఇలాంటి చోట్లే వస్తుంది. రెండు రోగాలకీ పైకి కనిపించే లక్షణాలు ఒకటే కావడం వల్లే అంతమందిమి పొరబడ్డాం. ఇంకో సంగతి, ఇంజన్ ఆగి ఉండగా తాళం ఆన్‌లో వదిలేస్తే, పాయింట్లు మూసి ఉన్న చోట ఆగితే, కాయిల్ ఊరికే కాలుతూనే ఉంటుంది. రోడ్డు మీద ఆగినప్పుడల్లా నేను తాళం ఆన్‌లోనే ఉంచి చూసేవాణ్ణి.

ఇంతకీ గ్యాస్ అన్నవాళ్ళు పూర్తిగా తప్పు కాదు. ఆగడం పోయాక వెనకాల దాగి ఉన్న చిన్న ఇబ్బంది బయటపడింది. ఎండలో దూరం నడిపి, టీకి పది నిమిషాలు ఆపి వచ్చి సెల్ఫ్ కొడితే తొందరగా అందుకోదు, గుప్పున పెట్రోలు వాసన వస్తుంది. ఇంజన్ ఆపగానే గాలి ఆగిపోయి, ఎగ్జాస్ట్ వేడంతా కార్బొరేటర్‌కి ఎక్కుతుంది. గిన్నెలో పెట్రోలు మరిగి జెట్ల గుండా మానిఫోల్డులోకి కారుతుంది. ఇది పెట్రోలు అందక కాదు, ఎక్కువై. అప్పుడు చోక్ లాగకూడదు, యాక్సిలరేటర్ పదేపదే తొక్కకూడదు. కిందికంటా తొక్కిపట్టి సెల్ఫ్ కొడితే లోపలికి గాలి బాగా వెళ్ళి సర్దుకుంటుంది.

ఆటోనగర్ పెద్దాయన దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. కాయిల్‌ని చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు పైకి నెట్టి, ఆ చిన్న అక్షరాలు కూడబలుక్కుని చదివారు. తర్వాత కార్బొరేటర్ విప్పి కింద చూసి, "ఇక్కడ ఫైబర్ దిమ్మ ఉండాలి బాబూ, ఎవరో ఎప్పుడో తీసేసి పేపర్ ప్యాకింగ్ వేశారు" అన్నారు. కార్బొరేటర్‌కీ మానిఫోల్డుకీ మధ్య వేడి ఎక్కకుండా ఆపేది అదే. ఆయన దగ్గరే పాత సామాన్లలో ఒకటి దొరికింది. రెండు మొహాలూ అద్దం మీద ఎమ్రీ పేపరు పెట్టి రుద్ది చదును చేసి బిగించారు. యాక్సిలరేటర్ రాడ్డు పొడవు కూడా దానికి తగ్గట్టు సర్దారు. ఎగ్జాస్ట్‌కి తగిలీ తగలకుండా పోతున్న పెట్రోలు పైపుని రెండు అంగుళాలు ఇవతలికి వంచి క్లిప్పు వేశారు. 350 రూపాయలు తీసుకున్నారు. ఇంకా ఇస్తానంటే వద్దన్నారు.

ఇప్పుడు డిక్కీలో తుండు ఉన్న చోట ఒక చిన్న డబ్బా ఉంటుంది. అందులో 3 ఓముల కాయిల్ ఒకటి స్పేరు, పాయింట్లు, కండెన్సర్, ఫీలర్ గేజ్, ప్లయర్స్, మీటరు వైర్లు. కొత్తగా కాయిల్ కొనేటప్పుడు షాపులోనే మీటరు పెట్టి చూస్తాను. ఒక కుర్రాడు విసుక్కున్నాడు గానీ చూడనిచ్చాడు.

జూన్ రెండో ఆదివారం నాన్నని బందరు తీసుకెళ్తానన్నాను. వర్షాలు ఇంకా పడలేదు, ఎండ మే నెలలాగే ఉంది. "ఊళ్ళో తిప్పుకుందాం అన్నానుగా" అన్నారు గానీ, పొద్దున్నే లేచి అద్దాలు తుడిచి పెట్టింది ఆయనే. కావాలనే పదకొండు దాటాక బయల్దేరాం. బందరు కాలువ పక్కనే కంకిపాడు దాకా హాయిగా వెళ్ళాం. ఉయ్యూరు సెంటర్‌లో ఒక లోడు లారీ అడ్డం తిరిగి, అటూ ఇటూ బళ్ళు నిలిచిపోయాయి. మేం 18 నిమిషాలు కదల్లేదు. నాన్న ఒక చెయ్యి డాష్‌బోర్డు మీద పెట్టుకుని కూర్చున్నారు. ఇంజన్ వణుకు అరచేతికి తెలుస్తుంది, అది ఆగుతుందేమోనని ఆయన చూస్తున్నారని నాకు అర్థమైంది. నేనూ ఏమీ మాట్లాడలేదు. ముందు బస్సు కదిలింది, నేను గేరు వేశాను, అప్పుడు చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

పామర్రు దాటాక, "గూడూరు దగ్గర మీ మావయ్య వాళ్ళింటికి కూడా వెళ్ళొద్దాంరా" అన్నారు.

రాత్రి ఇంటికొచ్చి ఆయన పడుకున్నాక డైరీ తెరిచి చూశాను. ఆ రోజు పేజీలో ఇలా రాశారు: "బందరు, గూడూరు. రానుపోను 138 కి.మీ. ఎక్కడా ఆగలేదు. కాయిల్ పాతదే. ఖర్చు లేదు."